కూర్చున్న కండక్టరు

ఇరవై రెండేళ్లు నిలబడే ఊళ్లు తిరిగినదాన్ని.
సింగుపురం దగ్గర వానలో
ఫుట్‌బోర్డు మీద చెప్పు జారి
ఇప్పుడిలా, ఇల్లిసిపురం మేడమీది గదిలో
మోకాలి దాకా పిండికట్టు,
కిటికీకి ఎదురుగా కుర్చీ.

మొదటి వారంలోనే
గోడమీది బల్లికి టైమింగులు రాసేశాను.
ఎనిమిదీ ఇరవైకి ట్యూబులైటు వెనక బయల్దేరుద్ది,
కేలండరు దగ్గర ఒక స్టాపు.

ఆ రాత్రి మాత్ర వేసుకున్నా నిద్ర పట్టక
ఫోనులో ఏదో వెతకబోయి ఏదో నొక్కాను.
ముందు ఎవడో దగ్గాడు.
తర్వాత తీగ మోగింది.
వీణ కాదు, మాండలినూ కాదు.
తోలు మీద తీగ బిగించి గోటితో మీటితే
పళ్లెంలో చింతపిక్కలు ఒలికినట్టు
టకటక టకటక.
లేచి కూర్చున్నాను.

మా చినతాత జముకు ఇలాగే కదా!
చంకలో డబ్బా, డబ్బాకి తోలు, తోలుకి నరం.
అమ్మవారి పండక్కి రాత్రంతా కథ చెప్పి
పొద్దున్న గొంతు పోయి సైగలతో టీ అడిగేవాడు.
ఆయన పోయాక జముకు అటకెక్కింది,
నరాన్ని ఎలకలు కొరికేశాయి.
ఆ మోత వెళ్లి అక్కడ తేలిందా ఏటి?

నాకొచ్చిన ఇంగ్లీషు టికెట్టు మీద ఉన్నంతే.
అయినా ఆ దగ్గే మనిషి సంగతి తెలుస్తోంది.
ఊరొదిలేశాడు. ఎక్కడో దిగాలి, దిగడు.
రోడ్ అంటాడు, రివర్ అంటాడు, మామా అంటాడు.
అమ్మనో మావనో, ఎవరైతేనేం, పిలుస్తున్నాడు.
ఇలాంటివాళ్లు నాకు తెలుసు.
ఆఖరి ట్రిప్పులో వెనక సీటు మూలన కూర్చుని
ఎక్కడికయ్యా అంటే
ఈ బస్సు ఎందాకా వెళ్తుంది అని అడిగేవాళ్లు.
కోటబొమ్మాళికి టికెట్ కొట్టాను.
చిల్లర లేదన్నాడు. పోనీలే అన్నాను.

పాట వెనక పాట తనంతటదే ఎక్కేస్తోంది,
స్టాపు లేని చోట చెయ్యెత్తే జనంలాగ.
ఒకామె, గొంతులో ఇసక,
ఎండాకాలం నాగావళి ఇసక.
మొగుడు పోయాడో, తనే పొమ్మందో,
నవ్వుతూనే పాడుతోంది.
ఆమెకి లేడీస్ సీటు ఖాళీ చేయించాను.
తీగల మీద ఇనపముక్క జారించే ముసలాయన,
ఆ మోత వింటే
నారాయణవలస సంతలో అమ్ముడైన దూడ
వెనక్కి తిరిగి అరిచినట్టుంది.
ఆయన దగ్గర పైసా తీసుకోలేదు.
అన్నదమ్ములిద్దరు ఒకే గొంతుతో పాడారు.
రెండు టికెట్లా, ఒకటా?
ఆ లెక్క ఇంకా తేలలేదు.

డాక్టరు కాలివేళ్లు కదపమ్మా అంటే కదపలేదు.
మా డ్రైవరు తవిటినాయుడు
కమలాపళ్లు తెచ్చి మరీ తిట్టినా కదపలేదు.
ఫిడేలు పరుగందుకోగానే
కట్టులోంచి తొంగిచూస్తున్న అయిదుగురూ
కిటికీ పక్క సీటు దొరికిన గుంటల్లాగ
ఒకటే గెంతులు.
నొప్పి ఉంది. లేదని ఎందుకు చెప్పాలి?
ఈ ట్రిప్పు నొప్పి నిలబడి వచ్చింది,
నేను కూర్చుని వెళ్లాను.

కింద వాటా పైలమ్మ ఎండుచేపలు తెచ్చి
గుమ్మంలోనే ఆగిపోయింది.
"ఏటే ఆ గొంతు? ఆడికి కూడూ నీళ్లూ నేవా?"
"ఇను."
విన్నాది. చేప తోకలు తుంచుతూ విన్నాది.
కాసేపటికి, నన్ను చూడకుండా,
"ఉడుపులప్పుడు మాయమ్మ ఇలాగే సాగదీసీది" అన్నాది.
గిన్నె మర్చిపోయి వెళ్లిపోయింది.

తెల్లారి అయిదూ పదికి
ఏడు రోడ్ల కూడలి వైపు ఫస్టు బస్సు హారను.
రోజూ అది ముల్లులా దిగేది.
ఇవాళ నా బండి నిండుగా ఉంది.
ఒక పాట ఆగింది, ఇంకోటి అందుకోలేదు.
ఆ సందులో, మేకుకి వేలాడుతున్న విజిలు
చేతికర్రతో లాక్కుని
రెండుసార్లు ఊదాను.

కింద గడియ తీసిన చప్పుడు.
"ఒలే, బస్సొచ్చినాదేటి?"